వెనక్కి కాలే ఇనుము

ఫర్నేసు ఆర్పేసిన మర్నాడు కూడా
ఇద్వాల్ నాలుగింటికే లేచాడు.
బూట్లు తొడుక్కున్నాడు, లేసులు బిగించాడు,
వెళ్లడానికి చోటు లేదన్న సంగతి
గుమ్మం దాటబోతూ గుర్తొచ్చింది.

నేను టీ పెట్టాను. ఏమీ అనలేదు.
ముప్పై నాలుగేళ్లు మంటతోనే మాట్లాడిన మనిషి.
మా వంటింటి కిటికీకి ఇన్నాళ్లూ రాత్రంటే నారింజ రంగు.
ఇప్పుడు అందులో
మా ఇద్దరి ముఖాలే కనిపిస్తున్నాయి.

ఈ వేల్స్ తీరంలో వాన నిలువుగా పడదు,
అడ్డంగా వచ్చి కొడుతుంది.
పెరటి మొత్తానికీ నిండుగా ఎండ తగిలేది ఒక్క గోడకే.
దాని కింద నా మడి:
చచ్చినట్టే పడుకుని
ఏటా లేచొచ్చే మొక్కలు.
"నాకో మూల ఇవ్వు, ఎలూనెడ్" అన్నాడు.
పెళ్లినాటి నుంచీ అతను నన్నడిగిన మొదటి నేల.

శనివారం సంతలో మూడు పిలకలు కొనుక్కొచ్చాడు.
దివిటీ లిల్లీలట.
ఎర్రగా కాల్చిన చువ్వలని కూడా అంటారని
అమ్మినావిడ చెప్పిందట,
ఆ పేరు వినే కొన్నాడు.
మనది బంకమట్టి, నీళ్లు నిలుస్తాయి,
కొరివితో తల గోక్కోవడమే అన్నాను.
వినలేదు.
స్తంభాలు పాతినట్టు మోచేతి లోతున పాతాడు.

ఫిబ్రవరిలో పట్టి చూస్తే రెండు
కుళ్లిన ఉల్లిపాయల్లా చేతికి ఊడొచ్చాయి.
మూడోది చావలేదు. బతికిందని కూడా అనలేం.

అప్పుడు తవ్వాడు.
గోడ పునాది కనబడేదాకా తవ్వాడు.
ఇసుక, గులకరాళ్లు,
ఎవరినడిగి తెచ్చాడో నాలుగు బకెట్ల చిట్టెం.
మట్టిని ఎత్తుగా పోసి,
ఈసారి పిలకను పైపైనే కూర్చోబెట్టాడు,
నిద్రపోయే పిల్లను దించినట్టు.

ఆ ఏడు ఆకులే.
పక్కింటి గ్వెన్‌లియన్ గోడ మీంచి తొంగి చూసి
"గడ్డి బాగా పెంచుతున్నావు, ఇద్వాల్" అంది.
శరదృతువులో ఆ ఆకుల్ని నేను కత్తిరించబోతే
చెయ్యి పట్టుకున్నాడు.
అన్నిటినీ పైకి దువ్వి, జడలా చేర్చి,
మొదట్లోకి వాన దిగకుండా
ముడి వేశాడు.
దేంతోనో దగ్గరికెళ్లి చూశాను.
డ్యూటీ బూట్ల లేసులు.

చలికాలమంతా అది అలా
నివురుగప్పిన నిప్పులా ఉంది.
మంచు పడ్డ రాత్రుల్లో టార్చి పట్టుకుని
రెండుసార్లు బయటికెళ్లాడు.
ఎందుకని నేనడగలేదు,
అడిగితే పిల్లి అరిచిందనేవాడు.

మూడో జూలైలో
ఐదు కాడలు లేచాయి, నా నడుమెత్తున.
తెల్లారుజామున నన్ను నైట్‌గౌన్‌లోనే లాక్కెళ్లాడు.
"చూడు" అన్నాడు.
"ఇనుము పసుపు నుంచి నారింజకి దిగుతుంది,
నారింజ నుంచి ఎరుపుకి, ఆ తర్వాత నలుపు.
ఎప్పుడైనా అంతే, చల్లారడమే.
ఇది ఎర్రగా పుట్టి
కిందినుంచి పసుపెక్కుతోంది.
వెనక్కి కాలుతోందే ఇది!"

అంత పొడుగు మాట అతని నోట నేనెన్నడూ వినలేదు.
పాత కాలిన మచ్చలున్న ఆ చెయ్యి
గ్లవుజు లేకుండా
పువ్వు దాకా వెళ్లి, అలవాటు కొద్దీ
జానెడు దూరంలో ఆగిపోయింది.
ఒళ్లంతా పుప్పొడి పూసుకుని
ఒక తుమ్మెద లోపల్నుంచి బయటికొచ్చింది.
అప్పుడు తాకాడు.

ఆదివారం అతని షిఫ్టువాళ్లు నలుగురొచ్చారు.
బీరు సీసాలతో మడి చుట్టూ నిలబడి
కళ్లు చికిలించి
కింది వరుస తొమ్మిదొందల డిగ్రీలని ఒకడు,
నీ మొహం, వెయ్యి ఎప్పుడో దాటిందని ఇంకొకడు.
చీకటి పడేదాకా తేలలేదు.
వెళ్తూ వెళ్తూ ఎమ్లిన్ ఒక పిలక అడిగాడు.
"వసంతం దాకా ఆగు,
ఇప్పుడు వేళ్లు కదిపితే అలుగుతుంది" అన్నాడు ఇద్వాల్,
అదేదో తన మేనకోడలైనట్టు.

నాలుగింటికి లేవడం మానలేదు.
ఆ బూట్లకి మాత్రం
లేసులు కొనలేదు.